బొమ్మరిల్లు: కిట్ కొందామా, మనమే కోయించుకుందామా?

మా చెల్లెలి కూతురు మొన్న మిర్యాలగూడ నుంచి ఫోన్ చేసింది. "పెద్దమ్మా, నాలుగు బొమ్మరిల్లు కిట్లు కార్టులో పెట్టి వారమైంది. ఏది కొనాల్నో తెలుస్తలేదు. నువ్వు చేసినవ్ కదా, చెప్పు" అంది. "ఇల్లు కట్టినంక దాన్ని ఎవరు ముట్టుకుంటరు?" అని అడిగాను. "గదేం ప్రశ్న?" అంది.

నా లెక్కలో మొదటి ప్రశ్న అదే. ధర, రంగులు, ఫొటోలో వెలిగే లైట్లు అన్నీ దాని తర్వాతే. మూడేళ్లలో మూడు ఇళ్లు కట్టాను. మొదటిది ఆన్‌లైన్‌లో కొన్న చిన్న గది కిట్. రెండోది పుస్తకాల మధ్య పెట్టుకునే గల్లీ. మూడోది నల్గొండలో నేమ్‌బోర్డులు చేసే షాపులో చెక్క కోయించి కట్టుకున్న ఇల్లు. మొదటిదాన్ని మా మేనల్లుడు రెండు నిమిషాల్లో విప్పి పెట్టాడు. తప్పు వాడిది కాదు. ఆడుకోవడానికి పనికిరాదని తెలిసీ దాన్ని వాడికి అందేచోట పెట్టింది నేనే.

బొమ్మరిల్లు అంటే మనకు లక్కపిడతలు, గుజ్జనగూళ్లు గుర్తొస్తాయి. పిల్లల ఆట అనుకుంటాం. కానీ ఇప్పుడు విడి ముక్కలు ఇచ్చి మనల్నే కట్టుకోమని కిట్ల పేరుతో అమ్ముతున్నవి చాలావరకు పెద్దవాళ్ల పని. డబ్బా మీద 14+ అని రాసి ఉంటుంది, చూడండి. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్లలోపు పిల్లల ఆటబొమ్మలకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి చేశారు. 14+ అని రాశారంటే, ఇది పిల్లల బొమ్మ కాదని తయారుచేసినవాళ్లే చెబుతున్నట్టు. చిన్న పిల్లలున్న ఇంట్లో ఆ అంకెను తేలిగ్గా తీసుకోకండి.

## కొనేముందు తేల్చుకోవాల్సినవి

ఎవరు ముట్టుకుంటారు? చూడటానికే అయితే ఏ కిట్ అయినా సరే. పిల్లలు తలుపులు తెరిచి, మంచాలు జరిపి ఆడుకోవాలంటే కాగితం, తీగ, పూసలతో చేసే కిట్లన్నీ పక్కన పెట్టేయాలి. మూడేళ్లలోపు పిల్లలు తిరిగే ఇల్లయితే ఇంకో భయం కూడా ఉంది. లైట్ల కోసం ఇచ్చే బటన్ సెల్‌ను పిల్లలు మింగితే రెండు గంటల్లోనే ఆహారనాళం కాలిపోవచ్చు. ఆ బ్యాటరీ డబ్బాకు స్క్రూ మూత ఉందో లేదో కొనకముందే ఫొటోల్లో చూసుకోండి.

కొలత. తికమకపడేది ఎక్కువగా ఇక్కడే. 1:12 అంటే అసలు ఇంట్లో ఒక అడుగు, బొమ్మరింట్లో ఒక అంగుళం. 1:24 అంటే అందులో సగం. మన మేస్త్రీలు ఇప్పటికీ అడుగులు, అంగుళాల్లోనే మాట్లాడతారు కాబట్టి 1:12 మనకు లెక్క వేసుకోవడం సులువు. పదడుగుల గది పదంగుళాలు, ఏడడుగుల తలుపు ఏడంగుళాలు. ఐదున్నర అడుగుల మనిషి ఐదున్నర అంగుళాల బొమ్మ. ఇది ఎప్పటి నుంచో నడుస్తున్న కొలతే. ఇంగ్లండ్‌లో విండ్సర్ కోటలో ఉన్న క్వీన్ మేరీ బొమ్మరిల్లు 1921-24 మధ్య 1:12లోనే చేశారు. దాని డిజైన్ ఎడ్విన్ లుట్యెన్స్‌ది, అంటే మన రాష్ట్రపతి భవన్ గీసినాయనదే. కుళాయిల్లో నీళ్లొచ్చేలా, కరెంటు దీపాలు వెలిగేలా, లిఫ్టు నడిచేలా కట్టారు దాన్ని.

చాలా కిట్ల మీద కొలత రాయరు. రాసినా నమ్మేయకుండా కుర్చీ కూర్చునే ఎత్తు కొలవండి. అసలు కుర్చీ నేల నుంచి దాదాపు 45 సెంటీమీటర్లు ఉంటుంది. కిట్‌లో ఆ ఎత్తు 38 మి.మీ. దగ్గర ఉంటే 1:12, 19 మి.మీ. దగ్గర ఉంటే 1:24. ఈ రెండు కొలతల సామాను ఒకే గదిలో కలిపారంటే మంచం మీద మనిషి పడుకుంటే కాళ్లు గోడ దాటతాయి. ఇంకోమాట. బార్బీ బొమ్మ పొడుగు 11.5 అంగుళాలు, అంటే దాదాపు 1:6. ఇంట్లో ఉన్న బార్బీ కోసం 1:12 ఇల్లు కొంటే ఆ అమ్మాయి తల స్లాబుకు తగులుతుంది.

చోటు, దుమ్ము, ఎండ. నల్గొండలోనైనా పాలమూరులోనైనా ఎండాకాలం దుమ్ము సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. మూత లేని బొమ్మరిల్లు నెల తిరక్కుండానే పాడుబడ్డ ఇల్లవుతుంది. చిన్న సామాను మీది దుమ్ము గుడ్డతో పోదు, పెయింట్ బ్రష్‌తో ఒక్కోదాన్నీ దులపాలి. పారదర్శకంగా ఉండే డస్ట్ కవర్ కిట్‌తో వస్తుందా, విడిగా కొనాలా అన్నది ధరలో కలిపి చూసుకోండి. పడమటి కిటికీ పక్కన మాత్రం పెట్టొద్దు. గ్లూగన్‌తో, అంటే జిగురు కడ్డీని కరిగించి పోసే తుపాకీతో, అంటించిన నా సన్‌షేడు మే నెల ఎండకు మెత్తబడి కిందికి జారింది.

చేతి ఓపిక. ఇది మీకే తెలియాలి. సూదిలో దారం ఎక్కించడానికి విసుగుపడేవాళ్లు బియ్యపుగింజంత పూసకు తీగ చుట్టే కిట్ కొనొద్దు.

## ఒక్క చూపులో

| రకం | కొలత | జిగురు పని | పిల్లల ఆటకు | మన సామాను పెట్టుకోవచ్చా | కావాల్సిన చోటు |
|---|---|---|---|---|---|
| చిన్న గది కిట్ | ఎక్కువగా 1:24 దగ్గర | చాలా | వద్దు | కష్టం | అరలో పడుతుంది |
| పుస్తకాల మధ్య గల్లీ | ఒకే కొలత ఉండదు | మధ్యస్థం | వద్దు | కుదరదు | పుస్తకమంత |
| జిగురు లేని చెక్క ఇల్లు | కిట్‌ను బట్టి | ఉండదు | పరవాలేదు | కొంతవరకు | బల్ల మీద మూల |
| పెద్ద ప్లైవుడ్ ఇల్లు | 1:12 | చాలా, పైగా పెయింట్ | పెద్ద పిల్లలకు | హాయిగా | విడిగా ఒక టేబుల్ |
| కోయించుకునే ఇల్లు | మనిష్టం, 1:12 మేలు | చాలా | చేసేదాన్ని బట్టి | హాయిగా | మనిష్టం |

## చిన్న గది కిట్

రోలైఫ్, క్యూట్‌బీ లాంటి చైనా బ్రాండ్ల పేర్లతో ఆన్‌లైన్‌లో ఎక్కువగా కనిపించేవి ఇవే. కాఫీ షాపు, పూలకొట్టు, గ్రంథాలయం, పడగ్గది. డబ్బా తెరిస్తే లేజర్‌తో కోసిన చెక్క పలకలు, అచ్చేసిన కాగితాలు, గుడ్డ ముక్కలు, తీగ, పూసలు, చిన్న ఎల్‌ఈడీలు ఉంటాయి. సోఫా రెడీగా రాదు. స్పాంజి కోసి, గుడ్డ చుట్టి, మనమే కుట్టుపని చేయాలి. పుస్తకాలు కూడా అంతే, ఒక్కో కాగితం మడిచి అట్ట అంటించాలి.

మొదటిసారి చేసేవాళ్లకు నేను చెప్పేది ఇదే. ఇల్లు అందంగా వస్తుందని కాదు, చేతికి పని తెలుస్తుందని. ఏ జిగురు ఎంతసేపు పట్టుకోవాలి, కాగితం ఎక్కడ మడవాలి, తీగ ఎక్కడ వంచాలి, ఇవన్నీ తక్కువ ఖర్చులో నేర్చుకుంటారు. చెడిపోయినా గుండె ఆగదు.

ఇబ్బందులూ ఉన్నాయి. జిగురు చాలాసార్లు కిట్‌లో రాదు, వచ్చినా ఎండిపోయి ఉంటుంది. తెల్ల ఫెవికాల్ ముందే తెచ్చి పెట్టుకోండి. సూచనల పుస్తకంలో బొమ్మలే ఎక్కువ, అక్షరాలు చీమ తలకాయంత. నేను చేసిన పెద్ద పొరపాటు: గోడకాగితం ముచ్చటగా అంటించి, కిటికీలు పెట్టి, చివర్లో లైట్ల సంచి తెరిచాను. తీగలు గోడకాగితం వెనక నుంచి పోవాలట. అంటించిందంతా ఒలవాల్సి వచ్చింది. ఏ కిట్ కొన్నా ముందు లైట్ల పేజీ చదవండి. తీగలన్నీ కలిపి ఒకసారి వెలిగించి చూశాకే గోడల జోలికి వెళ్లండి.

ఇంకోటి, ఫ్యాన్ వేసుకుని ఈ పని చేయలేం. కాగితపు ఆకులు, పూరేకులు గదంతా ఎగురుతాయి. మన దగ్గర మే నెలలో ఫ్యాన్ ఆపుకుని కూర్చోవడం అయ్యే పని కాదు, వానాకాలంలో ఏమో జిగురు త్వరగా ఆరదు. దీపావళి తర్వాత మొదలుపెట్టి శివరాత్రి లోపు ముగించేలా చూసుకోండి. చిన్న ముక్కలన్నీ అంచున్న స్టీలు తాంబాళంలో పోసుకుంటే దొర్లిపోవు.

దీనిలో నాకు నచ్చనిది ఒక్కటే. ఎంత బాగా చేసినా అది వాళ్ల ఇల్లే అవుతుంది. ఓవెన్, కాఫీ మగ్గులు, చెక్క నేల. వాటి మధ్య ఒక తులసికోట పెట్టి చూశాను. ఎవరో పరాయి ఇంట్లో మర్చిపోయి వచ్చినట్టుంది.

## పుస్తకాల మధ్య గల్లీ

దీన్ని బుక్ నుక్ అంటున్నారు. రెండు పుస్తకాల మధ్య దూరేలా సన్నగా, లోతుగా ఉంటుంది. లోపల అద్దం, లైటు పెట్టి గల్లీ చాలా దూరం పోతున్నట్టు భ్రమ కలిగిస్తారు. సామాను తక్కువ, పని త్వరగా తెములుతుంది, దుమ్ము పట్టేది ముందు వైపు ఒక్కటే. అద్దె ఇంట్లో ఉండేవాళ్లకు, బదిలీల ఉద్యోగాల వాళ్లకు ఇది మంచిది. చీర మడతల మధ్య పెట్టి తీసుకుపోవచ్చు. నేను చేసినవాటిలో ఇంటికొచ్చినవాళ్లు ఆగి తొంగి చూసేది దీన్నే. కానీ అమర్చుకోవడం, మార్చుకోవడం అనే సరదా ఇందులో ఉండదు. కట్టారు, అయిపోయింది.

## జిగురు లేని చెక్క ఇల్లు

పలకలకు గాళ్లు, నాలుకలు ఉంటాయి, ఒకదాన్లో ఒకటి దూర్చాలి. ఎనిమిది, పదేళ్ల పిల్లలు పక్కన పెద్దవాళ్లుంటే చేసేస్తారు. విప్పి మళ్లీ కట్టొచ్చు. పిల్లల కోసమే కొంటుంటే నా ఓటు దీనికే. ఐఎస్ఐ మార్కు ఉన్నది చూసి కొనండి, లోపల వేరే సామాను కొనకుండా పిల్లల్నే అగ్గిపెట్టెలతో బీరువాలు చేయమనండి. ముక్కలు గట్టిగా దూరకపోతే నొక్కకండి, నాలుక విరుగుతుంది. మైనం కొద్దిగా రుద్దితే జారుతుంది.

## పెద్ద ప్లైవుడ్ ఇల్లు

అమెరికాలో గ్రీన్‌లీఫ్ లాంటి కంపెనీలు అంగుళంలో ఎనిమిదో వంతు మందం ప్లైవుడ్ షీట్ల మీద ముక్కలు అచ్చు కోసి అమ్ముతాయి. 1:12లో రెండంతస్తులు, వాలు కప్పులు, చెక్క బాల్కనీలు. కట్టాక రాజసంగా ఉంటుంది, కాదనను. కానీ కిట్‌లో వచ్చేది డొల్ల ఇల్లే. పెయింటు, గోడకాగితం, లైట్లు, సామాను అన్నీ వేరు. దేశం దాటి రావాలంటే రవాణా ఖర్చు, కస్టమ్స్ సుంకం కలిపి ఇంటి ధరను మించిపోయినా ఆశ్చర్యపోకండి.

మూడడుగుల పొడుగు, రెండడుగుల ఎత్తు, అడుగున్నర లోతు. మన రెండు గదుల పోర్షన్లలో ఫ్రిజ్ మీద పట్టదు, బీరువా మీద పెడితే కనిపించదు. కొన్నవాళ్ల ఫొటోల్లో ఇంటి వెనక ఉన్న హాలు ఎంత పెద్దదో కూడా చూడండి. ఇప్పటికే రెండు మూడు చిన్నవి చేసి, విడిగా ఒక టేబుల్ ఇవ్వగలిగి, ఏడాదిపాటు ఆదివారాలు దీనికే రాసిచ్చేవాళ్లకు మాత్రమే నేను సరే అంటాను.

## కోయించుకునే ఇల్లు

మా అమ్మమ్మ ఊరు మక్తల్ దగ్గర. నాలుగు దిక్కులా అర్రలు, నడుమ వాకిలి, గూన పెంకులు. వంగకుండా లోపలికి పోలేని దర్వాజ. ఆ ఇల్లు ఇప్పుడు లేదు. అలాంటి ఇంటికి ఏ కంపెనీ కిట్ చేయదు. అందుకే మనమే కోయించుకోవాలి.

కొలత దగ్గరే మొదట ఆగాను. ఆ ఇల్లు దాదాపు నలభై అడుగులు, ముప్ఫై అడుగులు. 1:12లో నలభై అంగుళాలు, ముప్ఫై అంగుళాలు. అంటే మా డైనింగ్ టేబుల్ మొత్తం. 1:24లో సగానికి తగ్గుతుంది గాని వంటింటి సామాను గోరంత అవుతుంది, నా చేతికి అందదు. చివరికి ఇల్లంతా వద్దనుకుని ముందు వసారా, వంటింటి అర్ర, వాకిట్లో ఒక మూల మాత్రం 1:12లో చేశాను. సగం ఇల్లే అయినా పెద్ద కొలతలో చేయడం నయమైంది. మీకూ అదే చెబుతాను.

కోత ఎక్కడంటే, పెళ్లి నేమ్‌బోర్డులు, మెమెంటోలు చేసే షాపుల్లో లేజర్ మిషన్ ఉంటుంది. వాళ్లు సాధారణంగా కోరల్‌డ్రా ఫైలు, అంటే కంప్యూటర్లో గీసిన బొమ్మ, అడుగుతారు. గ్రాఫ్ పేపర్ మీద కొలతలతో గీసి తీసుకుపోతే ఫైలు గీసిపెట్టే కుర్రాళ్లు అక్కడే ఉంటారు. నా దగ్గర కోతకు పట్టిన సమయాన్ని బట్టి తీసుకున్నారు, చెక్క ధర వేరు. బేరం చేసేముందు రెండు విషయాలు చూసుకోండి. 3 మి.మీ. అని అమ్మే ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో నొక్కి చేసే పలక) ఖచ్చితంగా 3 ఉండదు. కాబట్టి 2.8 నుంచి 3.2 వరకు వేర్వేరు గాళ్లతో ఒక చిన్న ముక్క ముందు కోయించి, ఏది బిగుతుగా దూరుతుందో చూశాకే మొత్తం ఇవ్వండి. రెండోది, లేజర్ కోసిన అంచు గోధుమ రంగులో మాడుతుంది. దర్వాజకు, దంతెలకు ఆ రంగే అందం. తెల్ల గోడలకైతే గరుకు కాగితంతో రుద్దాలి.

మన ఇళ్లకు ఇంకో చిక్కు ఉంది, గోడ మందం. పాత మట్టిగోడ అడుగున్నర ఉంటుంది. 3 మి.మీ. పలక 1:12లో ఒకటిన్నర అంగుళం గోడ కూడా కాదు, నాటకం సెట్టులా కనిపిస్తుంది. రెండు పలకల మధ్య థర్మాకోల్ పెట్టి మొత్తం అంగుళంన్నర మందం చేస్తే గోడ గోడలా నిలుస్తుంది. ఆ మందంలోనే దీపం గూడు తవ్వుకోవచ్చు. గూడులో పసుపు రంగు ఎల్‌ఈడీ ఒక్కటి పెట్టి గదిలో లైట్లార్పితే, మూడేళ్ల పనికీ కూలి వచ్చేసినట్టు అనిపించింది.

ఎండీఎఫ్ నీళ్లు తాగితే ఉబ్బుతుంది, మళ్లీ దిగదు. పెయింటుకు ముందు అంచులకు నీళ్లు కలిపిన ఫెవికాల్ ఒక పూత వేసి ఆరనివ్వండి. సన్నని పలకకు ఒకవైపే కాగితం అంటిస్తే విల్లులా వంగుతుంది, రెండు వైపులా అంటించాలి.

చెక్కకు డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే ముందు సన్‌బోర్డుతో, అంటే నురుగులాంటి తేలికపాటి ప్లాస్టిక్ పలకతో, ఒక నమూనా కట్టుకోండి. స్కూల్ ప్రాజెక్టుల పుణ్యమా అని నల్గొండ ప్రకాశం బజార్ నుంచి మండలం సెంటర్ల దాకా స్టేషనరీ షాపుల్లో దొరుకుతుంది. కట్టర్‌తో తెగుతుంది. నా నమూనాలో వంటింటి తలుపు పొయ్యికి తగులుతుందని అప్పుడే తెలిసింది. చెక్క కోయించాక తెలిస్తే పెద్ద టెన్షన్ అయ్యేది.

## లోపలి సామాను: కొనేవా, చేసేవా?

కొలత ఎందుకు పట్టించుకోవాలో ఇక్కడ అర్థమవుతుంది. మన ఇంట్లో పడి ఉన్నవే 1:12లో పనికొస్తాయి, 1:24కు వచ్చేసరికి అవే భూతాల్లా కనిపిస్తాయి.

పది రూపాయల బిళ్ల అడ్డం 27 మి.మీ. 1:12లో అది అడుగు పళ్లెం. 1:24లో రెండడుగుల పైన తాంబాళం. సంక్రాంతికి కొనే మట్టి గురుగు రెండంగుళాలుంటే, 1:12లో రెండడుగుల నీళ్ల గోలెం. 5 మి.మీ. ఎల్‌ఈడీ 1:12లో 6 సెంటీమీటర్లు, అంటే మామూలు బల్బంత. 1:24 ఇంటికి 3 మి.మీ. ఎల్‌ఈడీ తీసుకోండి. పెన్సిల్ ముక్క నులక మంచం కోడు అవుతుంది, అగరుబత్తి పుల్ల కిటికీ ఊచ అవుతుంది. రోలు, ఇసుర్రాయి కోసం ఎం-సీల్ వాడాను. ఆ బూడిద రంగు రాయిలాగే ఉంటుంది, పెయింటు కూడా అక్కర్లేదు. కలిపాక త్వరగా బిగుసుకుంటుంది కాబట్టి రోలు గుంట ముందే గోలీతో నొక్కేయండి.

గూన పెంకులకు అట్టపెట్టె చాలు. కాగితం పొర ఒక వైపు తడిపి మెల్లగా ఒలిస్తే లోపలి వంకరలు బయటపడతాయి. వరుసలుగా కోసి, కింది వరుస మీద పై వరుస కొంచెం ఎక్కేలా అంటించి జాజు రంగు పూయండి. మామూలు అట్టలో ఆ వంకర వెడల్పు ఏడెనిమిది మి.మీ. ఉంటుంది కాబట్టి 1:12కు సరిగ్గా సరిపోతుంది. నేలకు షాబాద్ బండలు కావాలంటే బూడిద రంగు దళసరి కాగితాన్ని రెండంగుళాల చదరాలుగా కోసి, మధ్య సన్నటి సందు వదిలి అంటించండి.

గుడ్డ దగ్గర చాలామంది మోసపోతారు. పోచంపల్లి ఇక్కత్ మన జిల్లాల గొప్ప, దాంతో పరుపు దుప్పటి చేద్దామని నేనూ ఉబలాటపడ్డాను. మూడంగుళాల డిజైన్ 1:12లో మూడడుగుల బొమ్మ. మంచం మీద ఒక్క పువ్వే కనిపించింది. పాత నారాయణపేట చీరలో సన్నని గళ్ల భాగం కోసి వేస్తే అచ్చంగా దుప్పటిలా కుదిరింది. ఎంచుకునేటప్పుడు రంగు కన్నా డిజైన్ ఎంత చిన్నదో చూడండి. నూలు గుడ్డ ఆ సైజులో అట్టలా నిలబడుతుంది, వాలదు. నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో తడిపి, థర్మాకోల్ మీద మడతలు పెట్టి గుండుసూదులు గుచ్చి ఆరబెడితే తెర తెరలాగే వేలాడుతుంది.

కొనుక్కోవాల్సినవి లేవని కాదు. సన్న తీగలున్న ఎల్‌ఈడీలు, చిన్న మడతబందులు, పింగాణీ కప్పులు మన చేత్తో కావు. హైదరాబాద్ పోయినప్పుడు కోఠిలో ఎల్‌ఈడీలు, బ్యాటరీ డబ్బాలు తెచ్చుకుంటాను. కిట్‌లోని బటన్ సెల్ బదులు రెండు పెన్సిల్ సెల్స్ డబ్బా పెడితే అదే 3 వోల్టులు, ఎక్కువ రోజులొస్తాయి. ఫోన్ చార్జర్ 5 వోల్టులిస్తుంది. కరెంటును తగ్గించే రెసిస్టర్ లేకుండా దాన్ని నేరుగా తగిలిస్తే ఎల్‌ఈడీ ఒక్కసారి బాగా వెలిగి ఆరిపోతుంది.

జిగురు గురించి కూడా ఒక ముక్క. చెక్కకు, కాగితానికి, గుడ్డకు తెల్ల ఫెవికాల్. అరగంట కదలనివ్వకండి, పూర్తి బలం మర్నాటికి. కిటికీ అద్దంగా పెట్టే ప్లాస్టిక్‌కు చుక్కల్లో వచ్చే సూపర్ గ్లూ వాడితే దాని ఆవిరికి అద్దం తెల్లగా మసకబారుతుంది. పైగా దూది, నూలు మీద పడితే వేడి పుట్టి చెయ్యి చుర్రుమంటుంది. లోహానికి మాత్రమే దాన్ని ఉంచుకోండి. గ్లూగన్ సంగతి పైన చెప్పాను కదా, మన ఎండలకు వద్దు.

## మీరు ఎవరు?

పిల్లల కోసం చూస్తున్న తల్లిదండ్రులైతే జిగురు లేని చెక్క ఇల్లు, దానికి లైట్లు పెట్టకండి. హాస్టల్లోనో అద్దె గదిలోనో ఉండి రాత్రిళ్లు ఫోన్ పక్కనపెట్టి చేతికి పని కావాలనుకుంటే పుస్తకాల గల్లీ. రిటైరైన వాళ్లయితే చిన్న గది కిట్ కొనేముందు కళ్లద్దాలు కొత్తవి చేయించుకోండి, వెటకారం కాదు. మా ఇంట్లో నా భూతద్దం మావారి పేపర్ చదువుడుకు వెళ్లిపోయింది. బొమ్మల కొలువు పెట్టే ఇంటివాళ్లు, కొలువు కింది మెట్టు మీద ఒక పల్లెటూరి ఇల్లు కావాలనుకుంటే కోయించుకోవడమే మేలు. ఏ కిట్ ఇల్లూ నిర్మల్ బొమ్మల పక్కన నప్పదు. ముందు ఆ బొమ్మల ఎత్తు కొలిచి, దాన్ని బట్టి ఇంటి కొలత పెట్టుకోండి.

పాత ఇల్లు మళ్లీ కట్టుకోవాలన్న కోరికతో మొదలుపెట్టేవాళ్లు, నాలాంటివాళ్లు, నేరుగా అక్కడికి దూకకండి. ఒక చిన్న కిట్ చెడగొట్టాక వెళ్లండి. అలాగే ఇంట్లో పెద్దవాళ్లుంటే ఇప్పుడే కూర్చోబెట్టి అడిగి గీసుకోండి. దర్వాజ ఎటు తెరుచుకునేది, పొయ్యి ఏ మూల, గూళ్లెన్ని. మా అమ్మ, పెద్దమ్మ వంటింటి కిటికీ తూర్పుకా ఉత్తరానికా అని ఇప్పటికీ గొడవ పడుతున్నారు. ఎవరికీ కోపం రాకుండా మూలకు పెట్టాను.

ఇంతా విని మా చెల్లెలి కూతురు కాఫీ షాపు కిట్‌నే కొంది. సరే, మొదటిదానికి అది మంచిదే. నిన్న మళ్లీ ఫోన్. "పెద్దమ్మా, సంక్రాంతికి వస్త. నా ఇంట్ల పెట్టనీకి గురుగులు రెండు దాచిపెట్టు" అంది. "నీది ఇరవై నాలుగో వంతు ఇల్లు బిడ్డా, గురుగు పెడితే నాలుగడుగుల వడ్ల గుమ్మి అయితది" అన్నాను. కాసేపు ఆలోచించి, "కాఫీ షాపుల వడ్లు అమ్ముతం తియ్" అంది.